తవిటయ్య పీచు, నా తెల్లరాయి

రెసిస్టర్ సౌండు తినేస్తుందని మీకు ఎవరో ఒకరు చెబుతారు. టెంట్ హౌసు ఓనరు చెబుతాడు, పెళ్లివారు చెబుతారు, ఆఖరికి మీ పక్క బల్ల మీద కూర్చుని సోల్డరింగు చేసుకునేవాడు కూడా చెబుతాడు. ముప్పై ఏళ్లకు పైగా ఆ మాట పడ్డాను నేను. పలాసలో, కాశీబుగ్గ మెయిన్ రోడ్డు వెనక సందులో ఒక కొట్లో స్పీకరు పెట్టెలకి క్రాసోవర్లు కట్టడం నా పని. అటు టెక్కలి నుంచి ఇటు ఇచ్ఛాపురం దాకా ఏ పెళ్లిలో, ఏ అమ్మవారి సంబరంలో పెట్టె మోగినా అందులో నా చేతి బోర్డు ఉండే కాలం ఒకటి ఉండేది. ఇప్పుడు రోజంతా నా చెవిలో ఈల మోగుతుంది. మనవరాలు పట్టీలు పెట్టుకుని పక్కనుంచి పరిగెత్తినా ఆ చప్పుడు నాకు తెలియదు. పెట్టెల్లో పై గొంతుని అదుపులో పెట్టడానికే బతుకంతా పోయింది, చివరికి ఆ పై గొంతే నాకు వినబడకుండా పోయింది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు నాలుగు ముక్కలు రాసిపెట్టమన్నారు. ఎక్కడ ఎన్నేళ్లు చేశాను, నాకు శాలువా ఎవరు కప్పారు, అవేవీ రాయను. రెసిస్టర్ గురించి రాస్తాను. దాని వల్ల ఒక మనిషికి నేను చేసిన అన్యాయం గురించి రాస్తాను. అది దాచిపెట్టి మిగతాది ఎంత రాసినా మీకు పనికిరాదు.

ఒకడు మాట్లాడతాడు, ఒకడు అరుస్తాడు

పెట్టెలో కింద పెద్ద ఊఫర్ ఉంటుంది, పైన హారన్ ఉంటుంది. డోలు దెబ్బ ఊఫర్‌ది, సన్నాయి కొస హారన్‌ది. ఏది ఎవరికి వెళ్లాలో విడదీసి పంపేది క్రాసోవరు. అంతవరకు అందరికీ తెలుసు. తెలియని సంగతి ఏమిటంటే, ఇద్దరికీ సమానంగా కరెంటు ఇస్తే ఊఫర్ మాట్లాడుతుంది, హారన్ అరుస్తుంది. దాని పుట్టుకే అంత. ఆ అరుపుని ఊఫర్ పక్కకి దించితేనే పాట పాటలా వినబడుతుంది. దించేది రెసిస్టర్. సిమెంటు ముద్దలా తెల్లగా, పలకగా ఉండే ఆ ముక్కని మా కొట్లో తెల్లరాయి అనేవాళ్లం.

ఎనిమిది ఓముల హారన్‌ని ఆరు డెసిబెల్స్ దించాలంటే రెండు రాళ్లు కావాలి. నాలుగు ఓముల రాయి దారిలో వరసగా, ఎనిమిది ఓముల రాయి హారన్ రెండు కొసలకీ అడ్డంగా. బజారులో 3.9, 8.2 దొరుకుతాయి, అవి చాలు. ఇలా పెడితే క్రాసోవరుకి ఎప్పటిలాగే ఎనిమిది ఓములే కనబడతాయి.

నేను కొత్తలో ఒక్క రాయే వరసలో పెట్టి సరిపెట్టేవాడిని. సౌండు తగ్గింది కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. క్రాసోవరుకి ఎనిమిది బదులు పన్నెండు ఓములు కనబడేసరికి ఊఫర్ గొంతునీ హారన్ గొంతునీ విడదీసే చోటు కిందికి జారింది, హారన్‌కి రాకూడని బండ గొంతులు వచ్చాయి, వారానికో హారన్ చిరిగి కొట్టుకి తిరిగొచ్చేది. నాసిరకం హారన్లు పంపుతున్నాడని సరుకు అమ్మినవాణ్ణి ఆరు నెలలు తిట్టాను. తప్పు నాదని తెలిశాక కూడా వాడికి చెప్పలేదు. అప్పుడే నా బుద్ధి ఏమిటో నాకు తెలియాల్సింది.

ఇంకొకటి. ఊఫర్ దారిలో రెసిస్టర్ ఎప్పుడూ పెట్టకండి. బేసు బిగువు పోయి బురదలో కాలేసినట్టు ఉంటుంది. తగ్గించాల్సింది ఎప్పుడూ అరిచేవాణ్ణే.

రైల్వే గేటు పరీక్ష

మా ఓనరు కామేశ్వరరావు గారికి నోరు ఉంది, చెవి లేదు. ఆయన పెట్టెని పరీక్ష చేసే పద్ధతి ఒకటుంది. కొత్త పెట్టెని కొట్టు ముందు పెట్టించి, పాట వేయించి, తను రైల్వే గేటు దాకా నడిచి వెళ్లేవాడు. అక్కడికి పాటలో మాటలు వినబడితే పెట్టె మంచిది. లేకపోతే సూర్యారావు చెడగొట్టాడు. సూర్యారావు అంటే నేను. పెట్టె ముందు పది అడుగుల్లో కుర్చీ వేసుకుని కూర్చునే పెళ్లికొడుకు తాతకి చెవులు ఏమవుతాయన్న ఆలోచన ఆయనకి ఎప్పుడూ రాలేదు.

వచ్చే బేరాలు కూడా అలాంటివే. మందస వైపు నుంచి మైకుసెట్టు అద్దెకిచ్చే ఆయన ఒకాయన వచ్చాడు. "పాట బాగుందా లేదా నాకొద్దు బాబూ, పక్కూరోలికి నిద్దరట్టకూడదు, అంతే," అన్నాడు. నేను రాళ్లు పెట్టి ఇచ్చాను. ఆయన ఇంటికి వెళ్లి పెట్టె విప్పి, వరస రాయికి ఇటునుంచి అటు తీగ ముక్క అతికించి రాయికి పని లేకుండా చేసేశాడు. మూడో పెళ్లికి రెండు హారన్లూ చచ్చాయి. వచ్చి కొట్టు ముందు నిలబడి నన్ను తిట్టాడు. ఓనరు ఆయన పక్క చేరి తనూ తిట్టాడు. మన జిల్లాలో సౌండు అంటే పక్క ఊరి మీద దండయాత్ర. నేను రిటైరయ్యాక కూడా అది మారలేదు, మీ డీజేలతో ఇంకా ముదిరింది.

పీచు

పెట్టెలు చేసేది తవిటయ్య. నాకంటే రెండేళ్లు పెద్ద, కొబ్బరితోటల ఉద్దానంలో సముద్రం వైపు ఊరు. నేను అతన్ని బావా అనేవాడిని, అతను నన్నూ బావా అనేవాడు. చెక్క మీద వేలు పెట్టి కొట్టి, ఆ చప్పుడు విని ఇది ఊఫర్ దెబ్బకి ఆగుతుందా లేదా చెప్పగలిగేవాడు. ఓనరుకి లేని చెవి అతనికి ఉంది.

పెట్టె లోపల గొంతు అటూ ఇటూ కొట్టుకోకుండా మెత్తటిది ఏదో పెట్టాలి. పెద్ద ఊళ్లలో గాజు పీచు పెడతారు. అది విశాఖ నుంచి తెప్పించాలి, ముట్టుకుంటే ఒళ్లంతా దురద. తవిటయ్య కొబ్బరి పీచు పెట్టాడు. ఉద్దానం వాడికి కొబ్బరి పీచు కాక ఇంకేం తడుతుంది. ఊరికే కుక్కేవాడు కాదు. పీచుని రెండు సార్లు కడిగి, వారం ఎండబెట్టి, దువ్వెనతో దువ్వి, పాత చీర గుడ్డలో బొంతలా కుట్టి పెట్టెకి మేకులు కొట్టేవాడు. "గాజు పీచు మనిషిని గోకిత్తాది బావా. నా పీచు సూడు, పిల్లని పడుకోబెట్టుకోవచ్చు," అనేవాడు. అబద్ధం ఎందుకు, బేసు కూడా గుండ్రంగా వచ్చేది. జనం కొట్టు పేరు చెప్పేవాళ్లు కాదు, తవిటయ్య పెట్టి కావాలి అని అడిగేవాళ్లు. ఓనరుకి అది నచ్చేది కాదు.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఆరు డెసిబెల్స్ దించినప్పుడు హారన్ వైపు వచ్చిన పవరులో సగం ఆ వరస రాయిలోనే కాలిపోతుంది. రాయి సౌండు తింటుందన్నవాళ్లు ఎవరూ ఆ తిన్నది ఏమవుతుందో ఆలోచించరు. వేడి అవుతుంది. అందుకే మేం ఇరవై వాట్ల వేడి ఓర్చుకునే రాయి వాడేవాళ్లం, ఇనుప పట్టీతో బిగించి, చెక్కకి అంటకుండా పొట్టి కాళ్ల మీద నిలబెట్టి. తవిటయ్యకి వాట్లు తెలియవు గానీ వేడి తెలుసు. పీచు కొట్టే ముందు ప్రతిసారీ అడిగేవాడు. "నీ రాయి ఏ మూలెడతావు బావా?" నేను చూపించిన మూల జానెడు మేర పీచు లేకుండా వదిలేవాడు. ఒక్క పెట్టెలో కూడా మరిచిపోలేదు.

తాళంచెవి

ఒక రోజు పొద్దున్నే పెళ్లి బేరం వచ్చింది. కవిటి వైపు ఊరు, మర్నాడే పెళ్లి, జత పెట్టెలు కావాలి. కొట్టు నిండా జనం. అందరి ముందూ ఓనరు నన్ను చూపించి, "ఇదిగో, మా సూర్రావు. నేను సౌండు అమ్ముతాను, ఈడు సౌండు తినీసే పురుగుని ఎడతాడు," అన్నాడు. అందరూ నవ్వారు. మధ్యాహ్నం దాకా ఆయన మొహం చూడలేదు.

తవిటయ్య పీచు కొట్టిన పెట్టెలు సిద్ధంగా ఉన్నాయి, రెండు బోర్డులు కట్టాలి. వరసలో పెట్టే ఇరవై వాట్ల రాయి బల్ల మీద ఒకటే మిగిలింది. మిగతావి అద్దాల బీరువాలో ఉన్నాయి, బీరువా తాళంచెవి ఓనరు మొలతాడుకి ఉంటుంది. వెళ్లి, అయ్యా తాళం ఇవ్వండి, పురుగు కావాలి అని అడగాలి. అడగడానికి నాకు మనసొప్పలేదు. బల్ల సొరుగులో అయిదు వాట్ల రాయి ఒకటి దొరికింది. రెండో పెట్టెకి అది పెట్టేశాను. ఇనుప పట్టీలో అది వదులుగా ఆడింది, అందుకని కరిగించిన జిగురుతో చెక్కకి అతికించాను. ఒక్క పెళ్లికి చాలులే అనుకున్నాను.

వాట్లు తెలియనివాడు చేస్తే అది పొరపాటు. నాకు తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం, ఆ ఊళ్లో భోజనాల వేళ, మైకువాడు ఆంప్లిఫయర్‌ని గొంతు చిరిగే దాకా తిప్పాడు. రాయి కాలింది, జిగురు కరిగింది, రాయి ఊడి పీచులో పడింది. పెట్టె వెనక నుంచి పొగ వస్తే ముందు అందరూ హోమం పొగ అనుకున్నారట. కొబ్బరాకుల పందిరి అంటుకుంది. పందిరి పక్కనే నూకాలమ్మ అని ఒంటరి ముసలమ్మ ఇల్లు, తాటికమ్మల ఇల్లు, అదీ అంటుకుంది. ఆమె కోడిపెట్టని చంకలో పెట్టుకుని బయటికి రాగలిగింది. మిగతాదేమీ రాలేదు. ప్రాణాలు ఎవరివీ పోలేదు.

కాలిన పెట్టెని ఆటోలో వేసుకొచ్చి కొట్టు ముందు దించారు. ఓనరు వెనక చెక్క పీకించాడు. లోపలంతా బుగ్గి. నేను ముందు వంగి చెయ్యి పెట్టాను. ఆ బుగ్గిలో నా వేళ్లకి రాయి తగిలింది. పిడికిట్లో పట్టుకుని చెయ్యి బయటికి తీసి, రాయిని జేబులో వేసుకున్నాను. ఎవరూ చూడలేదు.

"పీచేరా, ఇంకేటి. పీచు అంటుకున్నాది," అన్నాడు ఓనరు. తర్వాత నా వైపు తిరిగి, "ఏటి సూర్రావు, నీ బోర్డు బాగానే ఉన్నాదా?" అని అడిగాడు.

"బాగానే ఉందండి," అన్నాను.

తవిటయ్య కాలిన బొంత ముక్కని చేతిలోకి తీసుకుని చూశాడు. "వారం ఎండబెట్టాను బాబూ. మరీ ఎండిపోనాదేమో," అన్నాడు. తనలో తనే అన్నాడు. ఓనరు అక్కడికక్కడే అతన్ని పనిలోంచి తీసేశాడు. తవిటయ్య పేరు తన కొట్టు మీద నుంచి పోవడం ఆయనకి హాయిగానే ఉందని నేను ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఆయన్ని అని ఏం లాభం, నోరు మెదపనిది నేను.

తలుపు

పది రోజుల తర్వాత తవిటయ్య కబురు పెట్టాడు. వెళ్తే వాళ్ల వాకిట్లో కొత్త తలుపు ఉంది. సొంతానికి దాచుకున్న పనస చెక్కతో చేశాడు. నూకాలమ్మకి ఊరివాళ్లు కమ్మలు కప్పి ఇల్లు నిలబెట్టారు గానీ తలుపు లేదట. "ఒక్కడినే మొయ్యలేకపోతన్నాను బావా, కాసింత రా," అన్నాడు. వెళ్లాను. వెళ్లకపోతే అనుమానం వస్తుందని వెళ్లాను.

ట్రాలీ ఆటోలో తీసుకెళ్లి, ఇద్దరం దించి, ద్వారబంధానికి ఎత్తి పెట్టాం. అతను ఇటు బందులు బిగిస్తున్నాడు, నేను అటు పట్టుకున్నాను. "గట్టిగా పట్టు బావా, జారిపోద్ది," అన్నాడు. గట్టిగా పట్టుకున్నాను. నూకాలమ్మ వచ్చి నిలబడింది.

"ఆ పెట్టి సేసింది నువ్వేనా నాయనా?" అని అడిగింది.

"నానేనమ్మా. తప్పు నాదే. పీచెట్టకూడదు, ఎట్టీసినాను," అన్నాడు.

"పోన్లే, పానాలు దక్కాయి," అందామె. మంచినీళ్లు ఇచ్చింది. ముందు నాకే ఇచ్చింది. తాగాను.

ఆ తర్వాత తవిటయ్య పెట్టి అంటే కాలిపోయే పెట్టె అని ఉద్దానం అంతా పాకింది. టెక్కలిలో, సోంపేటలో ఏ కొట్టువాడూ అతనికి పని ఇవ్వలేదు. జీడిపిక్కల మిల్లులో బట్టీ దగ్గర చేరాడు. చెక్క మీద చప్పుడు వినే వేళ్లు జీడి నూనెకి నల్లగా మాడి బొబ్బలెక్కాయి. నేను మటుకు ఆ రోజు నుంచి ఇరవై వాట్లకి తగ్గకుండా రాళ్లు పెట్టాను, పట్టీలు బిగించాను. సూర్యారావు బోర్డు కాలదని పేరొచ్చింది. ఓనరు మళ్లీ పురుగు అనలేదు. జనం నన్ను నెత్తిన పెట్టుకున్నారు. నా పేరు దేని మీద నిలబడిందో నాకొక్కడికే తెలుసు.

మీకు చెప్పాల్సింది

లెక్కకి వచ్చిన వాట్లకి రెట్టింపు రాయి పెట్టండి. జిగురుని నమ్మకండి, అది వేడికి ఆగదు. రాయి చుట్టూ జానెడు ఖాళీ ఉంచండి. పెట్టె చేసేవాణ్ణి పిలిచి మీ రాయి ఏ మూల ఉందో చూపించండి, అతను అడక్కపోయినా సరే. ఇవన్నీ ఏ ఫోనులో వెతికినా దొరుకుతాయి. ఓనరు మీద అలిగి సరుకు మార్చకూడదని మాత్రం ఎవరూ రాయరు. మీ కోపం పెట్టెలోకి వెళ్లి కూర్చుంటుంది. అది ఎవరి ఇంటి పక్కన పెడతారో మీకు తెలియదు.

రాయి తీసుకుని వెళ్లాను

ఇదంతా రాయడం మొదలుపెట్టాక వాట్ల గురించి రాయాల్సిన చోట చెయ్యి ఆగిపోయింది. మొన్న పొద్దున్న ఆ రాయి జేబులో వేసుకుని బస్సెక్కాను. తవిటయ్య ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మొహం ఉబ్బి ఉంది. కిడ్నీలు పాడై వారానికి రెండు సార్లు రక్తం శుద్ధి చేయించుకోవడానికి పలాస వస్తున్నాడట, మా వీధి ముందు నుంచే. ఉద్దానంలో ఇంటింటా ఉన్న జబ్బు, ఎందుకొచ్చిందని ఎవరూ ఎవరినీ అడగరు.

"ఏటి బావా, ఇన్నాళ్లకి దారి తెలిసిందా," అన్నాడు. సంతోషంగానే అన్నాడు.

నేను కూర్చోలేదు. రాయి తీసి అతని అరచేతిలో పెట్టాను. ఒక వైపు నల్లగా పగిలి ఉంది. అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఇదేటి?"

చెప్పాను. సొరుగు, జిగురు, బుగ్గిలో చెయ్యి పెట్టడం, జేబు, ఏదీ దాచలేదు. అతను వింటూ రాయినే చూస్తున్నాడు.

"అయితే నా పీచు కాదా?"

"కాదు బావా."

రాయిని అరుగు మీద పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మా మేనకోడల్ని ఆ నూకాలమ్మ ఊరే ఇచ్చినారు. పెళ్లికెల్లలేదు. దాని పిల్లల బారసాలకీ ఎల్లలేదు. ఆ ముసిలిది సచ్చిపోతే సూడ్డానికీ ఎల్లలేదు. ఏ మొకం ఎట్టుకుని ఎల్తాను అనుకున్నాను."

రాయి మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"పెద్ద రాయి కొట్లో లేదేటి?" అని అడిగాడు.

"ఉంది. బీరువాలో ఉంది."

"మరి?"

"తాళం అడగడానికి మనసొప్పలేదు. పొద్దున్న ఓనరు నలుగురిలో నన్ను అన్నాడని."

"తాళం," అన్నాడు. మళ్లీ ఒకసారి, "తాళం అడగలేక," అన్నాడు.

ఇదంతా రాస్తున్నానని, అతని తప్పు లేదని అందరికీ తెలిసేలా అచ్చు వేయిస్తానని చెప్పాను. అతను నవ్వాడు. "ఎవులు సదువుతారు? ఇప్పుడు పెట్టిలన్నీ బయటనుంచి తయారయ్యి వచ్చేత్తన్నాయి. నా పెట్టి మంచిదని తెలిత్తే కొనడానికి ఎవులున్నారు? సెయ్యడానికి నాకు సేతులున్నాయేటి?" అని రెండు అరచేతులూ చూపించాడు.

క్షమించమని అడుగుదామని దారంతా అనుకుంటూ వెళ్లాను. ఆ చేతులు చూశాక అడగలేకపోయాను. అతను రాయిని నా చేతిలో తిరిగి పెట్టేశాడు. "నీదే కదా, నువ్వే ఉంచుకో," అన్నాడు.

నేను అరుగు దిగాను. వీధిలోకి రెండడుగులు వేశాక వెనక నుంచి పిలిచాడు. బావా అని కాదు.

"సూర్రావూ. ఆ దినం నూకాలమ్మ ఇంటి కాడ తలుపు అటేపు పట్టుకున్నది నువ్వే కదా."

"అవును," అన్నాను.

"జారిపోద్ది, గట్టిగా పట్టు అన్నాను. గట్టిగానే పట్టుకున్నావు."